వరిగడ్డికి వేడినీళ్లు: పుట్టగొడుగుల యూనిట్‌కు దరఖాస్తు చేసే ముందు చదవాల్సిన పాఠం

ఈ పాఠం ఎవరి కోసం?

సొంతంగానో, కౌలుకో వరి వేసే చిన్న రైతుల కోసం. పొదుపు సంఘాల్లో ఉన్న అక్కచెల్లెళ్ల కోసం. ఊళ్లో ఏదైనా చిన్న యూనిట్ పెట్టుకోవాలని చూస్తున్న యువత కోసం.

పుట్టగొడుగుల పెంపకానికి సబ్సిడీ ఉందని మీరు వినే ఉంటారు. సబ్సిడీ ఎంత, ఎవరికి, ఎలా అన్నది ఈ పాఠం రెండో భాగంలో ఉంది. మొదటి భాగంలో అంతకంటే ముఖ్యమైన విషయం ఉంది. గడ్డిని వేడినీళ్లలో శుద్ధి చేయడం వచ్చిన వాళ్లకే సబ్సిడీ ఉపయోగపడుతుంది. అది రానివాళ్లకు సంచులు బూజు పట్టిపోతాయి, అప్పు మాత్రం మిగులుతుంది. అందుకే ఈ పాఠాన్ని ముందు నుంచి చదవండి. నేరుగా సబ్సిడీ పేజీకి వెళ్లకండి.

మొదటి భాగం: గడ్డి, వేడి, నీళ్లు

1. గడ్డి కాలిస్తే ఏం పోతుంది?

కోత మిషన్ వచ్చాక గడ్డి పొలంలోనే చెల్లాచెదురుగా పడిపోతోంది. ఏరించాలంటే కూలి ఖర్చు. కట్టలు కట్టే మిషన్ అన్ని ఊళ్లలో దొరకదు. రెండో పంటకు దుక్కి ఆలస్యమవుతుందని చాలామంది అగ్గిపుల్ల గీసేస్తున్నారు.

ఒక టన్ను వరిగడ్డి కాలిస్తే సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం నష్టపోతామని వ్యవసాయ శాస్త్రవేత్తల అంచనా. ఇవన్నీ మీరు డబ్బు పెట్టి బస్తాల్లో కొనుక్కునేవే. పైగా నేల పైపొరలో ఉన్న మేలు చేసే సూక్ష్మజీవులు మాడిపోతాయి, పొగ ఊరి మీద పడుతుంది.

గడ్డిలో మొదటి వాటా పశువులదే. పాడి ఉన్న ఇంట్లో గేదెల నోటి దగ్గర గడ్డి తీసి పుట్టగొడుగులకు పెట్టమని ఎవరూ చెప్పరు. పశువులకు పోను మిగిలినది, కాల్చేద్దామని అనుకున్నది ఏదైతే ఉందో, దాని గురించే ఈ పాఠం.

2. వేడి, నీళ్లు కలిసి ఏం చేస్తాయి?

పుట్టగొడుగు ఆకుపచ్చ మొక్క కాదు. ఎండలో ఆహారం తయారు చేసుకోలేదు. గడ్డిలో ఉన్న పీచును కరిగించి తిని పెరుగుతుంది. ముత్యపుచిప్ప పుట్టగొడుగు (ఆయిస్టర్ అని కూడా అంటారు) వరిగడ్డి మీద బాగా పెరిగే రకం.

అయితే ఆ గడ్డి మీద కన్ను వేసింది పుట్టగొడుగు ఒక్కటే కాదు. పొలం నుంచి వచ్చిన గడ్డి మీద రకరకాల బూజుల విత్తనాలు, పురుగుల గుడ్లు, బ్యాక్టీరియా ఉంటాయి. మీరు విత్తనం వేసి సంచి కట్టేలోపే అవి తిండికి కూర్చుంటాయి. పుట్టగొడుగు నెమ్మదిగా పెరిగేది, బూజు తొందరగా పెరిగేది. ఆ పోటీలో మన విత్తనం గెలవాలంటే ముందుగా పోటీదారుల సంఖ్య తగ్గించాలి. ఆ పనే వేడినీళ్లు చేస్తాయి.

ఇందులో మూడు విషయాలు అర్థం చేసుకోండి.

ఒకటి: ముందు చన్నీళ్లలో నానబెట్టడం ఎందుకు? ఎండిన బూజు విత్తనాలు మొండివి, వేడిని తట్టుకుంటాయి. నీళ్లలో నానితే అవి మేల్కొంటాయి, మెత్తబడతాయి. అప్పుడు వేడి తగిలితే తేలిగ్గా చస్తాయి. గడ్డి కూడా మెత్తబడి నీళ్లు పీల్చుకుంటుంది. పొడి గడ్డిలో వేడి లోపలికి సరిగా పాకదు, తడి గడ్డిలో బాగా పాకుతుంది.

రెండు: 70 నుంచి 80 డిగ్రీల వేడి ఎందుకు? ఆ వేడిలో గంట సేపు ఉంటే హాని చేసే బూజులు, పురుగుల గుడ్లు చాలావరకు పోతాయి. వేడిని తట్టుకునే కొన్ని మంచి బ్యాక్టీరియా మిగులుతాయి. అవి మనకు కాపలాదారుల్లాంటివి. కొత్త బూజు అంత తేలిగ్గా స్థలం పట్టకుండా అడ్డం ఉంటాయి.

మూడు: మరి గలగలా మరిగిస్తే ఇంకా మంచిది కదా? కాదు. గంటల తరబడి మరిగిస్తే గడ్డిలోని తీపి పదార్థం నీళ్లలోకి దిగుతుంది, గడ్డి జిగటగా తయారవుతుంది. మంచి బ్యాక్టీరియా కూడా పోయి గడ్డి ఖాళీ ఇల్లులా ఉంటుంది. బయటికి తీసి గాలి తగలగానే ఏ బూజు ముందు వస్తే దానిదే ఇల్లు. ఆస్పత్రి పరికరాలను శుద్ధి చేసినట్టు చేయాలంటే ప్రత్యేక గది, మిషన్లు కావాలి. మన ఇంటి పనికి పాల డెయిరీలో చేసే పద్ధతి చాలు. పాలు పూర్తిగా మరగనివ్వకుండా, లెక్క ప్రకారం వేడి చేసి చల్లారుస్తారు కదా. గడ్డికీ అంతే.

కాబట్టి ఈ మాట గుర్తుపెట్టుకోండి: గడ్డిని ఉడకబెట్టడం కాదు, గడ్డికి వేడి పట్టించడం.

3. ఏమేం కావాలి?

మొదటిసారి పది సంచులతో మొదలుపెట్టండి. దానికి ఇవి చాలు.

• ఎండు వరిగడ్డి 10 కిలోలు. ఈ ఏడాదిదే అయి ఉండాలి. బంగారు రంగులో ఉండాలి. వానకు తడిసి నల్లబడినది, ముక్కవాసన వచ్చేది పనికిరాదు.
• 200 లీటర్ల ఇనుప డ్రమ్ము, మూత. పురుగుమందు, రసాయనాలు, నూనెలు ఉన్న పాత డ్రమ్ము వద్దు. ఎన్నిసార్లు కడిగినా వద్దు.
• మూడు రాళ్ల పొయ్యి లేదా ఇటుకల పొయ్యి. వంటచెరకుగా పత్తికట్టె, కందికట్టె, కొబ్బరి డొక్కలు వాడుకోవచ్చు. చెట్లు కొట్టనక్కర్లేదు.
• 100 డిగ్రీల వరకు చూపే థర్మామీటర్. జ్వరం చూసేది పనికిరాదు. ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణంలో దొరుకుతుంది.
• రెండు గోనెసంచులు లేదా వలసంచులు, తాడు, బరువుకు రాయి.
• పుట్టగొడుగు విత్తనం (స్పాన్) సుమారు ఒక కిలో.
• పారదర్శకమైన పాలిథీన్ సంచులు 10, రబ్బరు బ్యాండ్లు.

వరిగడ్డి లేనిచోట చెరకు పిప్పి, మొక్కజొన్న కండెలు, పత్తికట్టె ముక్కలు, ఎండిన అరటి ఆకులు కూడా వాడుకోవచ్చు. నేర్చుకునేటప్పుడు మాత్రం వరిగడ్డితోనే నేర్చుకోండి.

4. ఏడు మెట్లు

మెట్టు 1: కత్తిరించడం. గడ్డిని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలు చేయండి. అంటే రెండు వేళ్ల వెడల్పు. చాఫ్ కట్టర్ ఉంటే పది నిమిషాల పని. పొడుగు గడ్డి అయితే సంచిలో ఖాళీలు మిగులుతాయి, ఆ ఖాళీల్లోనే బూజు చేరుతుంది.

మెట్టు 2: నానబెట్టడం. ముక్కలను గోనెసంచుల్లో వదులుగా నింపి, మూతి కట్టి, చన్నీళ్ల తొట్టిలో ముంచండి. పైకి తేలకుండా రాయి పెట్టండి. సాయంత్రం ముంచితే పొద్దున్నే తీయవచ్చు. 8 నుంచి 12 గంటలు చాలు. అంతకు మించి ఉంచితే పులుపు వాసన మొదలవుతుంది. మంచినీళ్లే వాడండి. చెరువు మురుగు నీళ్లు వద్దు.

మెట్టు 3: వేడి పట్టించడం. ఈ పాఠం మొత్తానికి ఇదే గుండెకాయ.

డ్రమ్ములో సుమారు 100 లీటర్ల నీళ్లు పోసి 80 డిగ్రీలు దాటేదాకా వేడి చేయండి. నానిన గడ్డిసంచులను నీళ్లు ఓడనిచ్చి అందులో దించండి. బరువు పెట్టండి, మూత వేయండి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. చల్లని తడిగడ్డి పడగానే నీళ్ల వేడి పడిపోతుంది. పది కిలోల ఎండుగడ్డి నాని పాతిక కిలోల పైన అవుతుంది. 80 డిగ్రీల దగ్గర ఉన్న 100 లీటర్ల నీళ్లలో అంత తడిగడ్డి వేస్తే వేడి దాదాపు 70కి దిగుతుంది. పొయ్యి మంట తగ్గిపోయి ఉంటే ఇంకా కిందికి జారుతుంది. గడ్డి వేసిన నిమిషం నుంచి గంట లెక్కపెడితే, అందులో సగం సేపు గడ్డి సరైన వేడిలో ఉండనే ఉండదు.

కాబట్టి సమయాన్ని ఇలా లెక్కపెట్టండి: థర్మామీటరును గడ్డిసంచి మధ్యలోకి దించి చూడండి. అక్కడ 70 డిగ్రీలు చూపిన తరవాతే గడియారం మొదలుపెట్టండి. అక్కడి నుంచి ఒక గంట. ఆ గంటలో పది నిమిషాలకొకసారి చూస్తూ, 70కి తగ్గకుండా, 80 దాటకుండా మంటను ఎగదోస్తూ, తగ్గిస్తూ ఉండండి. రెండు సంచులు ఉంటే ఒకసారి మధ్యలో పైది కిందికి, కిందిది పైకి మార్చండి.

జాగ్రత్త: ఈ వేడినీళ్లు మీద పడితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. సంచులు తీసేటప్పుడు ఇద్దరు ఉండండి. సంచి మూతికి తాడు కట్టి, కర్ర దూర్చి ఎత్తండి. చీర కొంగు, పంచె అంచు బిగించి కట్టుకోండి.

మెట్టు 4: ఓడ్చడం, చల్లార్చడం. సంచులను వాలుగా ఉన్న శుభ్రమైన గట్టు మీద లేదా బల్ల మీద పెట్టి నీళ్లు ఓడనివ్వండి. తరవాత సబ్బునీళ్లతో కడిగిన పట్టా మీద, నీడలో, పలుచగా పరవండి. ఆరుబయట దుమ్ములో, పశువుల కొట్టం పక్కన పరవకండి.

తడి సరిపోయిందో లేదో ఇలా చూడండి. గుప్పెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల మధ్య నుంచి నీటి చుక్కలు కారకూడదు. కానీ గుప్పిట తెరిస్తే అరచెయ్యి చెమ్మగా ఉండాలి. చుక్కలు కారితే ఇంకా ఆరనివ్వండి. అరచెయ్యి పొడిగా ఉంటే ఎక్కువ ఆరిపోయినట్టు.

మెట్టు 5: విత్తనం వేయడం. గడ్డి చేతికి చల్లగా తగిలాకే విత్తనం వేయాలి. వేడి గడ్డిలో వేస్తే విత్తనం చచ్చిపోతుంది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. గది తలుపులు వేసి, ఫ్యాన్ ఆపి పని చేయండి. సంచిలో నాలుగు వేళ్ల మందం గడ్డి, దాని మీద అంచుల వెంట విత్తనం, మళ్లీ గడ్డి, మళ్లీ విత్తనం. ఇలా నాలుగైదు వరుసలు. ప్రతి వరుసా చేత్తో అదమండి. తడిగడ్డి బరువులో 3 శాతం విత్తనం, అంటే కిలో తడిగడ్డికి 30 గ్రాములు.

మెట్టు 6: చీకటి గది. మూతి కట్టి, శుభ్రమైన పుల్లతో చుట్టూ 10 నుంచి 15 రంధ్రాలు పెట్టండి. చీకటిగా, చల్లగా ఉన్న గదిలో వేలాడదీయండి లేదా అరల మీద పెట్టండి. 15 నుంచి 20 రోజుల్లో సంచి అంతా తెల్లని దారాలు అల్లుకుని, పెరుగు తోడుకున్నట్టు గట్టిపడుతుంది.

మెట్టు 7: పంట. తెల్లబడిన సంచిని గాలి, వెలుతురు, చెమ్మ ఉన్న గదిలోకి మార్చి పాలిథీన్ కోసేయండి. ఎండ నేరుగా పడకూడదు. గోడలకు గోనెపట్టాలు కట్టి తడపండి. సంచుల మీద రోజుకు రెండు మూడుసార్లు సన్నగా నీళ్లు చిలకరించండి. కొద్ది రోజుల్లో గుండుసూది తలల్లాంటి మొగ్గలు వస్తాయి. అవి రెండు మూడు రోజుల్లో విచ్చుకుంటాయి. అంచులు పైకి ముడుచుకోకముందే తిప్పి తెంపండి. ఆలస్యం చేస్తే సన్నటి పొడి రాలుతుంది. ఆ పొడి ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని కోయండి.

వారం పది రోజులకు రెండో కోత, ఆ తరవాత మూడో కోత వస్తాయి. మొత్తం నెలన్నర నుంచి రెండు నెలలు. అన్నీ కుదిరితే కిలో ఎండుగడ్డికి అరకిలో నుంచి 700 గ్రాముల దాకా పచ్చి పుట్టగొడుగులు వస్తాయి.

కాలం గురించి: ముత్యపుచిప్పకు 20 నుంచి 30 డిగ్రీల వాతావరణం, 80 శాతం పైన గాలిలో తేమ కావాలి. మన మైదాన ప్రాంతాల్లో అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. సరిగ్గా ఖరీఫ్ వరికోతలు అయ్యి గడ్డి చేతికొచ్చే సమయమే ఇది. ఎండాకాలంలో 30 నుంచి 35 డిగ్రీల్లో పెరిగే పాల పుట్టగొడుగు వేసుకోవచ్చు. దానికి సంచి పైన మట్టి పొర వేయాలి కాబట్టి విడిగా శిక్షణ తీసుకోండి.

5. సంచి చెడిపోతే కారణం వెతకండి

సంచి పాడైతే "విత్తనం మంచిది కాదు" అని వెంటనే అనుకోకండి. ముందు ఇవి చూడండి.

• ఆకుపచ్చ బూజు: వేడి చాల్లేదు, లేదా వేడి చేశాక చేతుల నుంచో, పట్టా నుంచో అంటుకుంది. ఆ సంచిని గదిలో విప్పకండి. దూరంగా తీసుకెళ్లి గోతిలో పూడ్చండి.
• పుల్లటి లేదా కుళ్లు వాసన: నీళ్లు ఎక్కువ. గుప్పిట పరీక్ష సరిగా చేయలేదు.
• గొడుగుల్లా పొడుగ్గా వచ్చి సిరాలా నల్లగా కారిపోయే పుట్టగొడుగులు: పాత గడ్డి, లేదా వేడి తక్కువ, తడి ఎక్కువ. అవి మీరు వేసినవి కావు. తినకండి.
• తెల్లదారాలు అసలు కదలకపోవడం: గడ్డి వేడిగా ఉన్నప్పుడే విత్తనం వేశారు, లేదా విత్తనం ముసలిది.
• చిన్న ఈగలు: కిటికీలకు సన్నని దోమతెర లేదు.
• కాడలు పొడుగ్గా, తలలు చిన్నగా రావడం: గదిలో గాలి, వెలుతురు చాలలేదు.

ప్రతి విడతకూ ఒక నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: తేదీ, ఎన్ని గంటలు నానింది, 70 డిగ్రీల్లో ఎంతసేపు ఉంది, ఎన్ని సంచులు చెడ్డాయి. మూడు విడతలు రాస్తే మీ లోపం ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. తరవాత బ్యాంకు మేనేజరు "అనుభవం ఉందా?" అని అడిగితే చూపించడానికి ఆ పుస్తకమే సాక్ష్యం.

6. మందునీళ్ల పద్ధతి ఉంది కదా, వేడి ఎందుకు?

100 లీటర్ల నీళ్లలో 7.5 గ్రాముల కార్బెండజిమ్, 125 మిల్లీలీటర్ల ఫార్మలిన్ కలిపి గడ్డిని నానబెట్టే పద్ధతి కూడా శిక్షణల్లో చెబుతారు. వంటచెరకు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. అందుకే చాలామంది దాని వైపు మొగ్గుతారు.

కానీ ఆలోచించండి. ఫార్మలిన్ ఘాటు కళ్లను, గొంతును మండిస్తుంది. అది క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న రసాయనం. ఇంటి ఆవరణలో, పిల్లలు తిరిగే చోట, చేతి తొడుగులు లేకుండా వాడేది కాదు. కొలత తప్పితే పుట్టగొడుగు మొలవదు. వాడిన మందునీళ్లు ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య. బావి పక్కన, పెరటి కాలువలో పోయలేం కదా.

వేడినీళ్ల పద్ధతిలో ఆ గొడవ లేదు. చల్లారిన గోధుమరంగు నీళ్లను పెరటి మొక్కలకు పోసుకోవచ్చు. అమ్మేటప్పుడు "రసాయనాలు వాడలేదు" అని నిజంగా చెప్పుకోవచ్చు. ఇంకో లాభం తరవాతి పేరాలో ఉంది.

7. కోతలయ్యాక మిగిలిన గడ్డి

మూడు కోతల తరవాత సంచిలో మెత్తబడి, సగం చివికిన గడ్డి మిగులుతుంది. దాన్ని పారేయకండి. మందునీళ్లు తగలని గడ్డి కాబట్టి వానపాములకు మంచి మేత. పేడతో కలిపి వర్మి కంపోస్టు తొట్టిలో వేయండి. తొట్టి లేకపోతే పెంటకుప్పలో పొరలు పొరలుగా వేసి తడుపుతూ ఉండండి. పాలిథీన్ సంచులు మాత్రం విడిగా తీసేయండి, పొలంలోకి పోనివ్వకండి.

కాల్చేద్దామనుకున్న గడ్డి ముందు కూర అయ్యింది, తరవాత ఎరువై మళ్లీ అదే పొలానికి చేరింది. ఇదీ దీని అసలు లాభం.

రెండో భాగం: డబ్బు, పథకాలు, పత్రాలు

8. ముందు లెక్క, తరవాత అప్పు

ఇది లెక్క ఎలా వేసుకోవాలో చూపే ఉదాహరణ మాత్రమే. ధరల దగ్గర మీ ఊరి ధరలు వేసుకోండి.

పది సంచులకు విత్తనం 120, సంచులు, రబ్బరు బ్యాండ్లు 50, గడ్డి, వంటచెరకు 130 అనుకుందాం. మొత్తం 300 రూపాయలు. డ్రమ్ము, థర్మామీటర్ ఒకసారి కొనేవి, వాటిని విడిగా రాయండి. మీ కూలి కూడా విడిగా రాయండి, మరిచిపోకండి.

సంచికి అరకిలో చొప్పున పదీ పండితే 5 కిలోలు. కిలో 200 చొప్పున అమ్మితే 1,000 రూపాయలు. ఖర్చు పోను 700.

ఇప్పుడు వేడి సరిగా పట్టక నాలుగు సంచులు చెడ్డాయనుకోండి. 3 కిలోలు, 600 రూపాయలు. ఖర్చు పోను 300. నాలుగు సంచులు పోతే లాభం సగానికి పైగా పోయింది. ఎనిమిది పోతే చేతి డబ్బు పడుతుంది. అదే అప్పు తెచ్చి వెయ్యి సంచులు పెట్టినవాళ్లకు ఇదే జరిగితే వాయిదా ఎలా కడతారు?

అందుకే మా సలహా: వరుసగా మూడు విడతల్లో పదికి తొమ్మిది సంచులు నిలబెట్టగలిగాకే అప్పు గురించి ఆలోచించండి.

ఇంకో సంగతి. పచ్చి పుట్టగొడుగు ఒకటి రెండు రోజుల్లో వాడిపోతుంది. పంట రాకముందే కొనేవాళ్లను చూసుకోండి: చుట్టుపక్కల హోటళ్లు, కూరగాయల దుకాణాలు, వారపు సంత, మీ సంఘ సభ్యుల ఇళ్లు. మిగిలినవి ఎండబెట్టి పొడి చేసుకోవచ్చు.

9. ఏ పథకం దేనికి?

ఇక్కడ చాలామంది తికమక పడతారు. పెంచడం వేరు, ప్రాసెసింగ్ వేరు. రెండింటికీ పథకాలు వేరు.

పెంచడానికి: సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ (ఎంఐడీహెచ్). దీన్ని ఉద్యాన శాఖ అమలు చేస్తుంది. 2014 నుంచి ఉన్న ఈ మిషన్‌లో పుట్టగొడుగుల ఉత్పత్తి యూనిట్, విత్తనం తయారీ యూనిట్, కంపోస్టు తయారీ యూనిట్ ఉన్నాయి. ప్రైవేటు వ్యక్తులకు అనుమతించిన ఖర్చులో 40 శాతం సహాయం. ఇది బ్యాంకు రుణంతో ముడిపడినది. ముందు మీ వాటా, బ్యాంకు రుణంతో యూనిట్ కట్టాలి, తనిఖీ అయ్యాక సబ్సిడీ మీ రుణ ఖాతాకు జమ అవుతుంది. ఇది పక్కా షెడ్డు ఉన్న పెద్ద యూనిట్‌కు సరిపోతుంది. యూనిట్ ఖర్చు పరిమితులను సవరిస్తుంటారు కాబట్టి ఈ ఏడాది పరిమితి ఎంతో మండల ఉద్యాన అధికారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

ఎండబెట్టి పొడి, పచ్చడి, సూప్ మిక్స్ చేయడానికి: ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం (పీఎంఎఫ్ఎంఈ). 2020లో మొదలైంది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ. మీ వాటా కనీసం 10 శాతం ఉండాలి. కుటుంబం నుంచి ఒక్కరికే వర్తిస్తుంది. సబ్సిడీ బ్యాంకులో విడిగా ఉంటుంది. మూడేళ్ల తరవాత కూడా యూనిట్ నడుస్తూ, వాయిదాలు సరిగా కడుతూ ఉంటేనే రుణంలో సర్దుతారు. మధ్యలో మూసేస్తే రాదు. ఆహార శుద్ధి చేస్తున్న పొదుపు సంఘాల సభ్యులకు పనిముట్లు, పెట్టుబడి కోసం మనిషికి 40,000 రూపాయల వరకు మూలధనం ఈ పథకంలోనే ఉంది. అది సంఘ సమాఖ్య ద్వారా వస్తుంది. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో అడిగాకే మిగతా ఖర్చులు పెట్టుకోండి.

చిన్నగా మొదలుపెట్టడానికి: పొదుపు సంఘం ద్వారా బ్యాంకు లింకేజీ రుణం. సంఘాలకు 10 లక్షల వరకు రుణానికి బ్యాంకులు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. 2011లో మొదలైన స్త్రీనిధి నుంచి కూడా జీవనోపాధి రుణం తీసుకోవచ్చు. పది ఇరవై సంచుల నుంచి వంద సంచులకు ఎదగడానికి ఇది చాలు. సబ్సిడీ కోసం ఏడాది ఎదురుచూసే పని లేదు.

10. ఎక్కడికి వెళ్లాలి? ఏం తీసుకెళ్లాలి?

శిక్షణకు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి, వ్యవసాయ విశ్వవిద్యాలయ కేంద్రాలకు వెళ్లండి. విత్తనం కూడా ఇలాంటి ప్రభుత్వ సంస్థల ప్రయోగశాలల దగ్గరే కొనడం మేలు. పుట్టగొడుగుల మీద దేశస్థాయి పరిశోధన సంస్థ హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో ఉంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూడా విత్తనం తయారు చేస్తుంది.

వ్యవసాయ సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551. తెలుగులో మాట్లాడవచ్చు.

దరఖాస్తుకు సిద్ధం చేసుకోవాల్సినవి:

• ఆధార్, పాన్ కార్డు
• బ్యాంకు పాసుపుస్తకం, గత ఆరు నెలల లావాదేవీల కాగితం
• షెడ్డు ఉండే స్థలం కాగితాలు, లేదా అద్దె ఒప్పందం
• శిక్షణ సర్టిఫికెట్
• యంత్రాలు, షెడ్డు కొటేషన్లు
• ప్రాజెక్టు నివేదిక
• సంఘ సభ్యులైతే సంఘం తీర్మానం
• మీ నోటుపుస్తకం

పీఎంఎఫ్ఎంఈ దరఖాస్తుకు సాయం చేయడానికి జిల్లాలో రిసోర్స్ పర్సన్లు ఉంటారు. వాళ్లకు రుసుము పథకమే ఇస్తుంది. మీరు ఇవ్వనక్కర్లేదు.

11. మోసపోకండి

"విత్తనం మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం, లక్ష కడితే నెలనెలా ఆదాయం" అని ఫోన్లో వీడియోలు వస్తుంటాయి. ఇలాంటి వాటిల్లో మొదటి ఒకటి రెండు విడతలు కొని, ఎక్కువమంది చేరాక ఫోన్ ఎత్తని వాళ్లు ఉన్నారు. డబ్బు కట్టే ముందు ఈ మూడు అడగండి. కొనుగోలు ధర స్టాంపు కాగితం మీద రాసిస్తారా? మా దగ్గరున్న పాత రైతులతో మాట్లాడనిస్తారా? సంచి చెడితే ఎవరి నష్టం? జవాబు దాటేస్తే అక్కడితో ఆపేయండి.

సబ్సిడీ మంజూరైంది, ఛార్జీ కట్టండి, ఓటీపీ చెప్పండి అంటే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

12. మీరే సరిచూసుకోండి

ప్రశ్న 1: గడ్డిని పది గంటలకు వేడినీళ్లలో దించారు. 10:25కి సంచి మధ్యలో 70 డిగ్రీలు చూపింది. ఎప్పుడు తీయాలి?
జవాబు: 11:25కి.

ప్రశ్న 2: గుప్పిట పిండితే రెండు చుక్కలు కారాయి. విత్తనం వేయవచ్చా?
జవాబు: వద్దు. నీడలో ఇంకాసేపు ఆరనిచ్చి మళ్లీ చూడండి.

ప్రశ్న 3: థర్మామీటర్ పగిలింది. ఈ ఒక్కసారికి మరిగించేస్తే?
జవాబు: వద్దు. గడ్డిని మళ్లీ ఎండబెట్టి, థర్మామీటర్ తెచ్చుకున్నాక చేయండి.

ప్రశ్న 4: పుట్టగొడుగులు పెంచి పచ్చివే అమ్ముతాను. పీఎంఎఫ్ఎంఈ సబ్సిడీ వస్తుందా?
జవాబు: అది ప్రాసెసింగ్‌కు సంబంధించినది. పెంపకానికి ఉద్యాన శాఖను అడగండి.

ప్రశ్న 5: మొదటి విడతలో పదికి ఐదు సంచులు చెడ్డాయి. ఇప్పుడు రుణం తీసుకోవచ్చా?
జవాబు: ఇప్పుడే వద్దు. నోటుపుస్తకం చూసి లోపం పట్టుకోండి. ఇంకో పది సంచులు పెట్టండి.

ఈ ఏడు కోతలయ్యాక పొలంలో గడ్డి పక్కకు తీసేటప్పుడు, పది కిలోలు మాత్రం ఇంటికి తెచ్చి ఆరబెట్టి దాచండి. డ్రమ్ము, థర్మామీటర్ సంఘంలో నలుగురు కలిసి కొనుక్కుంటే ఒక్కొక్కరి మీద భారం తగ్గుతుంది. ఈ పాఠాన్ని మీ సంఘం గ్రూపులో పంపండి. ఫోన్లో చదవలేని వాళ్లకు చదివి వినిపించండి.